కట్టెల స్టవ్ పెట్టించుకోవడం ఎలా: పనివారిని వెతకడం మొదలు తొలి మంట దాకా

ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికి కట్టెల స్టవ్ పెట్టించుకోదలచినవారు సాధారణంగా ముందు దుకాణానికి వెళ్లి నచ్చిన స్టవ్ కొంటారు, ఆ తరువాత దాన్ని బిగించే మనిషి కోసం వెతుకుతారు. ఈ వరుసను తిరగవేసి, మనిషిని ముందు కుదుర్చుకుని స్టవ్‌ను తరువాత కొనమని నా సలహా. మంట సవ్యంగా మండుతుందా, తలుపు తీసినప్పుడల్లా పొగ గదిలోకి తన్నుతుందా, గోడ లోపలి చెక్క వేడికి ఏళ్ల తరబడి మాడి ఒకనాడు అంటుకుంటుందా అన్నవి స్టవ్ కంటే ఎక్కువగా పొగగొట్టం మీద, దాన్ని గోడలోంచి, కప్పులోంచి బయటికి తీసుకుపోయిన తీరు మీద ఆధారపడి ఉంటాయి. పని ముగిశాక ఆ భాగమంతా ప్లాస్టరు వెనుకకో, అటక మీదికో చేరి మరుగున పడిపోతుంది. మీరు డబ్బు పెడుతున్నది ప్రధానంగా కనబడని పనికి కాబట్టి, ఆ పని చేసేవారిని ఎంచుకోవడానికే ఎక్కువ సమయం కేటాయించండి.

బాధ్యత ఒక్కరిదే కావాలి

ఈ పనిలో తాపీ పని, వడ్రంగం, రేకు పని, కప్పు పని అన్నీ కలిసి ఉంటాయి. ఖర్చు తగ్గుతుందన్న ఆశతో ఒక్కొక్క పనిని ఒక్కొక్కరికి విడిగా అప్పగిస్తే, ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే చోటనే తప్పులు జరుగుతాయి. మేస్త్రీ తనకు వీలైన చోట గోడకు రంధ్రం పెట్టి వెళ్తాడు. పైపు బిగించడానికి వచ్చినవాడు ఆ రంధ్రానికి అనుగుణంగా ఒక వంపు ఎక్కువ వేస్తాడు. ఆ వంపు దగ్గర మసి పేరుకుని పొగ వెనక్కి తన్నితే, తన వరకు తాను సరిగ్గానే చేశానని ఇద్దరూ అంటారు, నిజానికి ఇద్దరి మాటా తప్పు కాదు. స్టవ్ అడుగు దిమ్మె మొదలు కప్పు మీది టోపీ దాకా మొత్తం వ్యవస్థకు తానే జవాబుదారీ అని కాగితం మీద రాసిచ్చే ఒక్క మనిషిని లేదా ఒక్క సంస్థను కుదుర్చుకోండి. అవసరమైన మేస్త్రీని, వడ్రంగిని వారే తెచ్చుకుంటారు.

కొన్ని దేశాల్లో ఈ పనికి ప్రత్యేక శిక్షణ, నమోదు ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో హెటాస్ అనే సంస్థ వద్ద నమోదైనవారు తాము చేసిన పని నిబంధనల ప్రకారం ఉందని తామే ధ్రువీకరించి పత్రం ఇవ్వగలరు. అమెరికాలో నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్, కెనడాలో వెట్ అనే సంస్థ ఈ రంగంలోని నిపుణులకు ధ్రువపత్రాలు ఇస్తాయి. మీరున్న చోట అలాంటి నమోదు ఉంటే, పనివారు చూపించే జిరాక్సు కాగితంతో తృప్తి పడకుండా ఆ సంస్థ జాబితాలో పేరు ఉన్నదో లేదో మీరే చూసుకోండి. ఆ ధ్రువపత్రం మీ ఇంటికి వచ్చి పని చేసే మనిషి పేరున ఉందా, లేక ఎక్కడో ఆఫీసులో కూర్చున్న యజమాని పేరున ఉందా అన్నది కూడా అడగండి. రెండోదే అయితే, పని జరుగుతున్నప్పుడు ఆ యజమాని ఎన్నిసార్లు వచ్చి చూస్తారో ముందే తేల్చుకోవాలి.

నమోదు పద్ధతి లేని చోట, స్టవ్ తయారీదారు గుర్తించిన పనివారెవరో కనుక్కోవడం మంచి మొదటి మెట్టు. రెండో మెట్టు, వారు లోగడ చేసిన పనులను చూడటం. ఇక్కడ ఒక మెలకువ ఉంది: గత నెలలో బిగించిన స్టవ్‌ను చూపిస్తే అది ఎలాగూ నిగనిగలాడుతూనే ఉంటుంది కాబట్టి, కనీసం రెండు మూడు చలికాలాలు గడిచిన పనిని చూపించమని అడగాలి. ఆ ఇంటివారిని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. తలుపు గాజు ఎంత త్వరగా నల్లబడుతోంది? కట్టె వేయడానికి తలుపు తీస్తే పొగ బయటికి వస్తోందా? వానాకాలంలో గొట్టం పక్క నుంచి నీరు దిగుతోందా? ఇబ్బంది వచ్చి ఫోన్ చేస్తే ఆ మనిషి వచ్చాడా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా మూడింటి కంటే ఎక్కువ చెబుతుంది.

“పైపు బిగించడమే కదా, ఎవరైనా చేస్తారు” అనే మాట ఎవరి నోట విన్నా అక్కడితో నమస్కారం పెట్టి పంపించేయవచ్చు.

పిలిచే ముందు మీరు చేయవలసినవి

గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకోండి. స్టవ్ పెట్టదలచిన మూల, దాని వెనుక గోడ, పైన కప్పు, బయటి నుంచి ఇంటి పైభాగం కనిపించేలా ఫోటోలు తీయండి. ఇంట్లో పాత చిమ్నీ ఉంటే, దాన్ని చివరిసారి ఎప్పుడు వాడారో తెలుసుకోండి. అద్దె ఇల్లయినా అపార్టుమెంటయినా యజమాని లేదా సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. స్థానిక సంస్థ అనుమతి అవసరమా, మీ ప్రాంతంలో పొగ విషయంలో ఏవైనా ఆంక్షలు ఉన్నాయా అన్నది కూడా ఈ దశలోనే విచారించాలి. ఇంటికి బీమా ఉంటే ఆ కంపెనీకి ముందుగా తెలియజేసి, వారు ఏ ధ్రువపత్రం కోరతారో అడిగి ఉంచుకోండి, ఎందుకంటే అదే పత్రాన్ని మీరు పనివారి నుంచి రాబట్టవలసి ఉంటుంది. చలి మొదలయ్యాక మంచి పనివారు దొరకడం కష్టం, దొరికినా తొందరలో ఉంటారు. వేసవిలోనే కుదుర్చుకుంటే తీరికగా చూసి చెబుతారు.

ఇంటికి వచ్చి చూసినప్పుడు

ఫోన్‌లోనే ధర చెప్పేవారిని నమ్మవద్దు. ఇల్లు చూడకుండా ఈ పనికి లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. వచ్చిన మనిషి మీ ఇంట్లో ఎక్కడెక్కడికి వెళ్తున్నాడో, ఏమి అడుగుతున్నాడో గమనించండి. పని తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఆ గంటలోనే బయటపడుతుంది.

తెలిసినవాడు ముందు గదిని కొలిచి ఎంత శక్తిగల స్టవ్ కావాలో లెక్క వేస్తాడు. మోస్తరుగా వేడిని నిలుపుకునే ఇంటికి గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 14తో భాగిస్తే సుమారుగా ఎన్ని కిలోవాట్లు కావాలో వస్తుందని ఈ వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు ఉన్న గది 84 ఘనపు మీటర్లు, అంటే దానికి 6 కిలోవాట్ల స్టవ్ సరిపోతుంది. గోడలు, కిటికీలు వేడిని బాగా పట్టి ఉంచితే ఇంకా తక్కువ చాలు, గాలి దూరే పాత ఇంటికి ఎక్కువ కావాలి. “పెద్దది తీసుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది” అని ఎవరైనా అంటే అది అమ్మకం మాటే గాని పని మాట కాదు. అవసరానికి మించిన స్టవ్ పెడితే గది ఉడికిపోతుంది, దాంతో మీరు గాలి తగ్గించి కట్టెను కుమిలేలా చేస్తారు. కుమిలే కట్టె నుంచి వచ్చే పొగ చల్లబడి గొట్టం లోపల తారులాంటి క్రియోసోట్‌గా పేరుకుంటుంది, ఏదో ఒక రాత్రి అదే అంటుకుంటుంది. గొట్టంలో చెలరేగే ఆ మంట 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు.

తరువాత అతను గోడను తట్టి చూడాలి. పైకి ఇటుకలా, రాయిలా కనిపించే పలక వెనుక చెక్క చట్రం ఉండవచ్చు. గోడకు టైల్స్ అతికిస్తే మంట నుంచి రక్షణ వచ్చేసిందని చాలామంది అనుకుంటారు, కాని టైల్ మండదే తప్ప వేడిని వెనుకకు పంపకుండా ఆపదు. రోజూ వేడెక్కే చెక్క కాలక్రమంలో లోలోపల మాడి, మామూలు చెక్క అంటుకునే వేడి కంటే తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. అందువల్లనే తప్పులు మొదటి ఏడాదిలో బయటపడవు. జిప్సం బోర్డు మీది కాగితం కూడా మండే వస్తువు కిందికే వస్తుందని చెప్పేవాడు దొరికితే వదులుకోకండి. అడ్డుగా మండని పలక పెట్టవలసి వస్తే దాన్ని గోడకు ఆనించకుండా, వెనుక గాలి ఆడేలా సుమారు 25 మిల్లీమీటర్ల ఖాళీతో నిలబెట్టి, ఆ ఖాళీని కింద, పైన తెరిచి ఉంచాలి.

అటకలోకి ఎక్కకుండా, బయటికి వెళ్లి కప్పు వైపు తలెత్తి చూడకుండా ఎస్టిమేట్ ఇచ్చే మనిషి సగం పనే చూసినట్టు. గొట్టం వీలైనంత నిట్టనిలువుగా పోవాలి, వంపు తప్పనిసరైతే అది 45 డిగ్రీలకు మించకూడదు. ఇంటి లోపలి నుంచి పైకి పోయే గొట్టం వెచ్చగా ఉండి పొగను బాగా లాగుతుంది; బయటి గోడ వెంట ఎక్కే గొట్టం చలికి చల్లబడుతుంది కాబట్టి దానికి రెండు పొరల మధ్య ఇన్సులేషన్ (వేడి పోకుండా ఆపే పదార్థం) ఉన్న గొట్టమే వాడాలి. పై కొన ఎంత ఎత్తున ఉండాలన్నదానికి అమెరికా ప్రమాణం ఎన్.ఎఫ్.పి.ఎ. 211 చెప్పే లెక్క గుర్తుపెట్టుకోవడానికి తేలిక: కప్పును చీల్చుకుని వచ్చిన చోటి నుంచి కనీసం 3 అడుగులు, పక్కకు 10 అడుగుల లోపు ఉన్న కప్పు భాగం కంటే, లేదా మరే కట్టడం కంటే కనీసం 2 అడుగులు పైకి ఉండాలి. ఇతర దేశాల కొలతలు కొంత వేరుగా ఉంటాయి గాని, గాలి ఇంటి శిఖరం మీదుగా సుడి తిరిగి పొగను కిందికి నొక్కకుండా చూడటమే వాటన్నిటి ఉద్దేశం.

వంటింట్లో పొగను బయటికి తోసే ఫ్యాన్ ఉందా అని అతను అడిగితే సంతోషించండి. ఆ ఫ్యాన్ ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు తీర్చడానికి బయటి గాలి పొగగొట్టంలోంచి వెనక్కి దిగవచ్చు, దానితోపాటు పొగ, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా దిగుతాయి. కిటికీలు గట్టిగా బిగిసి ఉండే కొత్త ఇళ్లలో స్టవ్‌కు బయటి నుంచి నేరుగా గాలి అందించే గొట్టం విడిగా వేయవలసి రావచ్చు.

పాత చిమ్నీ ఉన్నంత మాత్రాన పని తేలికైపోదు. ముందు దాన్ని శుభ్రం చేయించి, లోపలికి కెమెరా దించి చూసి, పొగ నింపి ఎక్కడైనా కారుతుందేమో పరీక్షించాలి. లోపల పగుళ్లుంటే, లేదా చిమ్నీ మరీ వెడల్పుగా ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్, అంటే చిమ్నీ లోపల అమరే గొట్టం, దించవలసి ఉంటుంది. ఆ లైనర్ కట్టెల వంటి ఘన ఇంధనం కోసం తయారైనదే కావాలి, గ్యాస్ కోసం చేసినది పనికిరాదు. పాత ఇళ్లలో సిమెంటు గొట్టాలు, పలకలు కనబడితే వాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండవచ్చు కాబట్టి పరీక్ష చేయించకుండా ఎవరినీ కోయనివ్వవద్దు.

ఎస్టిమేట్‌ను చదవడం

ఇద్దరు ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. “స్టవ్ బిగింపు, మొత్తం ఇంత” అని ఒక్క వరుసలో రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. స్టవ్ మోడల్, గొట్టం రకం, వ్యాసం, పొడవు, గోడకూ కప్పుకూ పెట్టే కవచాలు, కప్పు చుట్టూ నీరు దిగకుండా వేసే రేకు, కొన మీది టోపీ, అడుగు దిమ్మె, కార్బన్ మోనాక్సైడ్ అలారం, పరీక్ష, ధ్రువపత్రం అన్నీ విడివిడిగా కనబడాలి. పరంజా ఖర్చు ఎవరిది, పగలగొట్టిన గోడకు తిరిగి ప్లాస్టరు, రంగు ఎవరు వేస్తారు, చెత్త ఎవరు తీసుకుపోతారు అన్నవి కూడా రాయించండి. పోత ఇనుప స్టవ్ 100 కిలోలు దాటడం మామూలే, దాన్ని మోసేటప్పుడు నేల దెబ్బతిన్నా మనిషికి గాయమైనా భరించే బీమా వారికి ఉన్నదా అని మొహమాటం లేకుండా అడగాలి.

అన్నిటికంటే తక్కువ ఎస్టిమేట్‌లో ఏదో ఒకటి వదిలేసి ఉంటారు. అది ఏదో కనిపెట్టడానికి తేలికైన మార్గం, ఎక్కువ ధర చెప్పినవారి కాగితాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క వస్తువునూ సరిపోల్చడం. తరచుగా కనబడని వస్తువు, చెక్క కప్పు గుండా గొట్టం పోయే చోట పెట్టవలసిన కవచం. ప్రమాదాలకు మూలమయ్యేదీ ఆ చోటే.

సామాను మీరే కొని ఇస్తే నాలుగు డబ్బులు మిగలవచ్చు గాని, రేపు ఏదైనా తేడా వస్తే సామాను లోపమని వారు, పని లోపమని దుకాణం వారు అంటారు. గొట్టం భాగాలన్నీ ఒకే తయారీదారువి కావడం కూడా ముఖ్యం, ఎందుకంటే ఒక కంపెనీ గొట్టానికి మరో కంపెనీ కవచం తగిలిస్తే రెండింటి గ్యారంటీ పోవచ్చు. సామాను వారినే తెమ్మనండి, బిల్లులు మీకు ఇమ్మనండి.

చెల్లింపును మూడు భాగాలు చేయండి: సామానుకు అడ్వాన్సుగా కొంత, గొట్టం నిలబెట్టి లోపలి పని మీకు చూపించాక కొంత, మంట పెట్టి పరీక్షించి కాగితాలు చేతికిచ్చాక మిగతాది. చివరి భాగం పనివాడు వదులుకోవడానికి ఇష్టపడనంత పెద్దదిగా ఉండాలి. మొత్తం ముందే అడిగేవారితో బేరం సాగనివ్వకండి.

పని జరిగే రోజుల్లో

పొద్దస్తమానం పక్కన నిలబడి పర్యవేక్షించనక్కరలేదు, అది ఎవరికీ నచ్చదు. కాని రెండు ఘట్టాల్లో మీరు అక్కడ ఉండాలి, ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

మొదటిది గోడనూ కప్పునూ మూసేయడానికి ముందు. టేపు పెట్టి గొట్టానికీ దగ్గరలోని చెక్కకూ మధ్య దూరం కొలిపించండి. ఎంత ఉండాలన్నది గొట్టం మీది లేబుల్‌లో, తయారీదారు పుస్తకంలో అచ్చై ఉంటుంది. ఆ అంకె ముందు పనివాడి అనుభవమూ మీ అంచనా రెండూ పక్కకు తప్పుకోవాలి. స్టవ్ వెనుక, పక్కల ఉండవలసిన దూరం కూడా అలాగే స్టవ్ లేబుల్ మీదే రాసి ఉంటుంది. ప్రయోగశాలలో పరీక్షించిన లేబుల్ లేని స్టవ్‌కైతే అదే ఎన్.ఎఫ్.పి.ఎ. 211 చుట్టూ 36 అంగుళాల ఖాళీ కోరుతుంది, చిన్న గదికి అది దాదాపు అసాధ్యం. అటకలో గొట్టం చుట్టూ వదిలిన ఖాళీ ఖాళీగానే ఉండాలి. వేడి పోకుండా ఉంటుందని దానిలో గ్లాస్‌వూల్ కూరడం మంచి ఉద్దేశంతో చేసే ప్రమాదకరమైన పని, ఎందుకంటే చెక్క దాకా వేడి చేరకుండా చేసేది ఆ ఖాళీలో కదిలే గాలే. గొట్టం అతుకు గోడ మందంలోగాని కప్పు మందంలోగాని పడకూడదు. ఇవన్నీ టేపుతో సహా కనబడేలా ఫోటోలు తీసి దాచుకోండి.

రెండోది స్టవ్‌కూ పెద్ద గొట్టానికీ మధ్య పైపును కలిపేటప్పుడు. దగ్గరికి వంగి అతుకును చూడండి. పైపుల్లో ఒక కొన కాస్త సన్నగా ఉంటుంది. ఆ సన్న కొన కిందికి, స్టవ్ వైపు తిరిగి, కింది పైపు లోపలికి దిగి ఉండాలి. పొగ పైకి పోతుంది కాబట్టి ఇది తలకిందులుగా ఉందని కొత్తవారికి తోస్తుంది. కాని గొట్టంలో కరిగిన తారు కిందికి కారేటప్పుడు పైపు లోపలే జారి మంటలో పడి కాలిపోవాలి. సన్న కొన పైకి ఉంటే ఆ తారు అతుకులోంచి బయటికి కారి, పైపు మీద నల్లని చారలు కడుతుంది, వాసన వదలదు. ఒక్కొక్క అతుకుకు చుట్టూ కనీసం మూడు మరలు ఉండటం మంచిది. పైపు అడ్డంగా పోయే భాగం ఏదైనా ఉంటే అది స్టవ్ నుంచి దూరంగా వెళ్లేకొద్దీ పైకి లేవాలి. తరువాత శుభ్రం చేసేవాడి బ్రష్ ఎక్కడి నుంచి దూరుతుందో ఆ ద్వారాన్ని ఇప్పుడే చూపించమనండి.

అడుగు దిమ్మె స్టవ్ కంటే ముందుకు చాచి ఉండాలి, తలుపు తీసినప్పుడు నిప్పురవ్వ పడేది అక్కడే కనుక.

పరీక్ష, అప్పగింత

మంట పెట్టకముందే పొగ పరీక్ష చేయాలి: స్టవ్‌లో పొగ వదిలి, తలుపు మూసి, అతుకులన్నిటి దగ్గర, పై గదుల్లో, అటకలో ఎక్కడా కారడం లేదని చూడాలి. తరువాత చిన్న మంట పెట్టి, గొట్టం వేడెక్కాక, వంటింటి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో నడిపి, కిటికీలూ తలుపులూ మూసి మళ్లీ చూడాలి. ఈ రెండో భాగాన్ని చాలామంది దాటవేస్తారు, మీరే అడగాలి. స్టవ్ తలుపును కొద్దిగా తెరిచి, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్లను ఆ సందు దగ్గర పట్టుకుంటే దాని పొగ లోపలికి వంగాలి. అది తటపటాయించినా, మీ వైపు తిరిగినా పని ఇంకా పూర్తి కాలేదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు కాబట్టి అలారం లేకుండా తొలి మంట పెట్టవద్దు. స్టవ్ ఉన్న గదిలోనే, స్టవ్‌కు 1 నుంచి 3 మీటర్ల దూరంలో, తయారీదారు చెప్పిన ఎత్తులో దాన్ని పెట్టించి, బటన్ నొక్కి మోగుతుందో లేదో వినండి.

మొదటి కొన్ని మంటలు చిన్నవిగా ఉండాలి. స్టవ్ మీది రంగు వేడికి గట్టిపడేటప్పుడు ఘాటైన వాసన వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచితే చాలు, ఆ వాసన వస్తోందని పనివాడిని వెనక్కి పిలవనక్కరలేదు. పొగ వస్తే మాత్రం పిలవాలి.

చివరి చెల్లింపు ఇచ్చే ముందు స్టవ్ పుస్తకం, గొట్టం వివరాలు, ధ్రువపత్రం, బిల్లులు, గ్యారంటీ కాగితాలు చేతికి తీసుకోండి. గాలి మీటలు ఎలా వాడాలో, బూడిద ఎప్పుడు తీయాలో అతని చేత కాకుండా మీ చేతులతో, అతని ఎదుట చేసి చూపించండి. ధ్రువపత్రం నకలు బీమా కంపెనీకి పంపండి.

ఆ తరువాత కూడా అతనితో పని ఉంటుంది. మొదటి చలికాలం ముగియగానే గొట్టం శుభ్రం చేయడానికి రమ్మని ఒప్పందంలోనే రాయించుకోండి. లోపల పేరుకున్నది మెత్తని పొడి మసి అయితే అంతా సవ్యంగా ఉన్నట్టే. నల్లగా మెరుస్తూ గట్టిగా పట్టిన పొర కనబడితే, తప్పు గొట్టంలో ఉందా కట్టెల్లో ఉందా అని తేల్చాలి. కట్టెల సంగతి మీ వంతు: తేమ 20 శాతానికి లోపు ఉండాలి, దాన్ని కొలిచేటప్పుడు కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద తేమ మీటరు పెట్టాలి, బయటి ముఖం సాధారణంగా లోపలి కంటే పొడిగా చూపిస్తుంది. కట్టెలు పొడిగా ఉండీ ఆ పొర కడుతుంటే గొట్టం చల్లబడుతున్నట్టు, లేదా స్టవ్ గదికి పెద్దదైనట్టు. అప్పుడు అతను రాసిచ్చిన ఎస్టిమేట్‌నూ, మీరు టేపుతో తీసిన ఫోటోలనూ ముందు పెట్టుకుని మాట్లాడండి.